“తరుగు లేదు” అంటే ఎవరికి లేదు?

రేపల్లెబండి
ఆషాఢం రాగానే పేపర్లో మొదటి నాలుగు పేజీలూ ప్రకటనలే. ఇవాళ ఒక నగల దుకాణం వాళ్లది: “రాళ్ల హారాలపై తరుగు 0%, మజూరీ 0%”. పక్కన ఒక చుక్క గుర్తు. పేజీ అడుగున ఆ చుక్కకి వివరణ చీమ తలకాయంత అక్షరాల్లో, అదీ ఇంగ్లీషులో. పనివాడికి కూలి ఇవ్వకుండా, బంగారం అరగకుండా నగ ఎలా తయారవుతుంది? షాపు నడుపుతున్నారా, సత్రం నడుపుతున్నారా? ఆ డబ్బు ఎక్కడ లాగుతారో తెలిసినవాళ్లు లెక్కేసి చెప్పండి.

త్రాసుముల్లు
రాళ్ల దగ్గర. ప్రకటనలో “రాళ్ల హారాలపై” అని ఉందంటే ఇక వేరే చోట వెతకక్కర్లేదు.

లెక్క సులువుగా ఉండటానికి గ్రాము 10,000 అనుకుందాం. హారం గ్రాస్ బరువు 40 గ్రాములు. అందులో రాళ్లు, లోపల నింపిన లక్క కలిపి 6 గ్రాములు. నెట్ బంగారం 34.

మామూలు షాపు: 34 × 10,000 = 3,40,000. తరుగు, మజూరీ కలిపి 14% అంటే 47,600. రాళ్లకి 4,000. మొత్తం 3,91,600.

“0%” షాపు: బోర్డు రేటే 10,150 ఉంటుంది. 34 × 10,150 = 3,45,100. ఇక రాళ్లు. ఆ 6 గ్రాముల్ని క్యారట్లలోకి మారుస్తారు. రాళ్ల లెక్కలో క్యారట్ అంటే 0.2 గ్రాము, కాబట్టి 30 క్యారట్లు. క్యారట్ 1,500 చొప్పున 45,000. మొత్తం 3,90,100.

తేడా 1,500 రూపాయలు. రెండింటి మీదా 3% జీఎస్టీ ఎలాగూ ఉంది. ఇంకో సంగతి గమనించండి, ఆ 6 గ్రాముల్లో లక్క కూడా ఉంది. అంటే లక్కని రాయి ధరకి కొంటున్నారు. రేపు మార్చేటప్పుడు అదే షాపువాడు రాళ్లూ లక్కా తీసేసి బంగారం ఒక్కటే తూస్తాడు. ఆ 45,000 గోవిందా.

చార్మినార్‌చాయ్
లక్క కూడా లక్షల్ల పోతున్నదన్నట్టు. ఇంట్ల అతుకు పెట్టే లక్క దాచిపెట్టుకుంటే మంచిగుండు.

త్రాసుముల్లు
రాళ్లు లేని గొలుసులకి వేరే దారులున్నాయి. “తరుగు లేదు” అని, బిల్లులో మజూరీ గ్రాముకి ఇంత అని వేస్తారు. లేదా “తరుగు 3% నుంచి” అంటారు. ఆ 3% ఉన్నది నాలుగు డిజైన్లలో, అవి ఎప్పుడూ “ఇప్పుడే అయిపోయాయండీ”. లేదా పాత బంగారం మార్పిడి మీద మాత్రమే ఆఫరు, తరుగులో వదిలింది పాతదాన్ని తూచేటప్పుడు లాగేస్తారు.

కొనేముందు కొటేషన్ కాగితం మీద ఇవన్నీ విడివిడిగా రాయించుకోండి: గ్రాస్ బరువు, నెట్ బరువు, రాళ్ల బరువు క్యారట్లలో, రాళ్ల ధర, ఆ రోజు గ్రాము రేటు, తరుగు-మజూరీ శాతం, హాల్‌మార్క్ రుసుము (నగకి 45 రూపాయలు, దాని మీద జీఎస్టీ). ఆ కాగితంతో పక్క షాపుకి వెళ్లి అదే నెట్ బరువున్న నగకి మొత్తం ఎంతో అడగండి. శాతాలు పోల్చొద్దు, చివరి అంకె పోల్చండి. “కలిపే రాస్తామండీ, విడిగా రాయం” అన్న షాపు నుంచి లేచి రావచ్చు, కూల్‌డ్రింక్ తాగేసినా సరే.

కాకిలెక్కలు
“916 కేడీఎం” అని ఇంకా బోర్డులు పెడుతున్నారు. అది కూడా ఏదో నాణ్యత గుర్తేనా?

త్రాసుముల్లు
కాదు. కేడీఎం అంటే క్యాడ్మియం కలిపి అతుకు వేసే పద్ధతి. బంగారం ఎంత స్వచ్ఛమో దానికీ దీనికీ సంబంధం లేదు. పైగా ఆ పొగ పనివాళ్ల ఊపిరితిత్తులకి చేటు. చూడాల్సినవి మూడు: బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ముద్ర, 22కె916 అన్న అంకె, అక్షరాలూ అంకెలూ కలిపి ఆరు ఉండే హెచ్‌యూఐడీ, అంటే ఒక్కో నగకీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య. 2023 ఏప్రిల్ 1 నుంచి హెచ్‌యూఐడీ లేని హాల్‌మార్క్ నగ అమ్మకూడదు. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ ఆరక్షరాలు కొడితే అది గాజా, గొలుసా, ఎన్ని క్యారట్ల బంగారం, ఎక్కడ పరీక్ష చేశారు అన్నీ వస్తాయి. చేతిలో గాజు ఉండి యాప్‌లో “ఉంగరం” అని వస్తే ఏమనుకోవాలో మీకే తెలుసు.

చార్మినార్‌చాయ్
గట్లయితే “వన్ గ్రామ్ గోల్డ్” సంగతేంది? 400కి గాజుల జత ఇస్తరు. గ్రామ్ బంగారం 400కి ఎక్కడొస్తది?

త్రాసుముల్లు
ఎక్కడా రాదు. అది పూత. గ్రాము బంగారం అందులో ఉండదు, పూత మందం మైక్రాన్ల లెక్క. మన దగ్గర అది నకిలీ నగకి మారుపేరు అయిపోయింది కాబట్టి పెద్దగా ఎవరూ మోసపోవడం లేదు.

బెజవాడఎండ
అందరూ మరీ కోర్టు గుమాస్తాల్లా మాట్లాడుతున్నారు. ప్రకటన అంటేనే గొప్పలు. “నోట్లో పెట్టుకుంటే కరిగిపోయే పూతరేకులు” అని బోర్డు పెట్టిన ఆత్రేయపురం వాళ్ల మీద కూడా కేసేస్తారా? చదివేవాళ్లకి ఆ మాత్రం తెలీదా?

చిన్నక్షరం
పూతరేకుల మీద ఎవరూ వెయ్యరు, అవి నిజంగానే కరుగుతాయి. తేడా ఏమిటంటే, “అమ్మ చేతి రుచి” కొలవలేం. వినేవాడూ కొలవడు. అది గొప్పలు చెప్పుకోవడం. “తరుగు 0%”, “99.9% క్రిములు”, “100% పట్టు” కొలవగలిగిన మాటలు. కొలవగలిగింది చెప్పినప్పుడు రుజువు దగ్గర ఉండాలి.

2022 జూన్ 9న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు ఇచ్చింది. రేపల్లెబండి గారి చుక్క గుర్తుకి అందులో నేరుగా జవాబుంది. మాట ఏ భాషలో చెప్పారో షరతు కూడా అదే భాషలో ఉండాలి. అక్షరాల తీరు కూడా అదే ఉండాలి, కనపడే చోట ఉండాలి. పైన తెలుగు, కింద ఇంగ్లీషు చీమలు అంటే తప్పే. ఇంకోటి, షరతు అనేది పైమాటని వివరించొచ్చు గానీ తిరగెయ్యకూడదు. పైన “0%” అని కింద “రాళ్లకి, ఫలానా వాటికి అదనం” అంటే తిరగెయ్యడమే.

బెజవాడఎండ
99.9% క్రిములు చంపితే తప్పేంటి? అది పరీక్ష చేసే చెప్తారుగా.

చిన్నక్షరం
చేస్తారు. ఏ క్రిమి మీద, ఎంతసేపు ఉంచి, ఎంత చిక్కటి ద్రావణంతో అన్నది సీసా వెనక ఉంటుంది. మూత నిండా పోసి పది నిమిషాలు ఉంచమని రాసి ఉంటుంది. మనం బకెట్ నీళ్లలో అరమూత పోసి వెంటనే తుడిచేస్తాం. ఇంకో లెక్క: పది లక్షల్లో 99.9% పోతే వెయ్యి మిగులుతాయి. 99.99% అయితే వంద. ఒక్క 9కి పది రెట్లు తేడా.

మగ్గంమాట
బంగారం నుంచి బట్టలకి వద్దాం, ఆషాఢం అసలు పండగ అక్కడే. పట్టు పేరుతో నడిచే మాటలు చూడండి: ఆర్ట్ సిల్క్, సాఫ్ట్ సిల్క్, సెమీ పట్టు, సిల్క్ ఫీల్, పట్టు మోడల్. “ఆర్ట్” అంటే కళాత్మకం అనుకుని మురిసిపోయేవాళ్లున్నారు. అది ఆర్టిఫిషియల్‌కి పొట్టిపేరు. “టెస్టెడ్ జరీ” ఇంకా ఘనం. పరీక్షలో నెగ్గిన జరీ అనుకుంటాం. రాగి తీగ మీద వెండి పూత ఉన్న తక్కువరకానికి వ్యాపారంలో ఉన్న పేరు అది. అసలు జరీ అంటే వెండి తీగ మీద బంగారు పూత.

పట్టు అవునా కాదా తేల్చడానికి పోగు కాల్చి చూడటం పాత పద్ధతే, కానీ అందరూ సగమే చేస్తారు. పల్లు చివర కుచ్చుల్లో నుంచి ఒకటే పోగు లాగుతారు, అది పడుగు. పేక పోగు కూడా విడిగా లాగి కాల్చాలి. పడుగు పట్టు, పేక పాలిస్టర్ వేసి “ప్యూర్” అని అమ్మడం మామూలే.

పట్టయితే మెల్లగా కాలుతుంది, వెంట్రుకలు కాలిన వాసన, మంట తీస్తే ఆరిపోతుంది, బూడిద వేళ్ల మధ్య నలిగిపోతుంది. విస్కోస్ అయితే కాగితంలా భగ్గుమంటుంది, కాగితం వాసనే. పాలిస్టర్ కరిగి ముడుచుకుని గట్టి నల్ల పూసలా మిగులుతుంది. షాపులో అగ్గిపుల్ల గీయనివ్వరు కాబట్టి కొనేటప్పుడు సిల్క్ మార్క్ చీటీ చూడండి. కేంద్ర పట్టు మండలి తరఫున ఇచ్చే గుర్తు అది.

కాకిలెక్కలు
“కేజీ చీరలు 599” బోర్డు చూసి ఆగుతాం కదా, అందులో కిటుకు?

మగ్గంమాట
అక్కడ దొరికేది సన్నటి సింథటిక్. కిలోకి రెండో మూడో తూగుతాయి. కిలో ధర కాదు, చీరకి ఎంత పడిందో భాగించి చూడండి, పక్క వీధిలో అదే చీర అదే ధర. అసలు పట్టు అయితే ముడిపట్టు కిలో ధరే వేలల్లో ఉంటుంది, ఒక చీరకి వందల గ్రాములు పడుతుంది. 800కి “ప్యూర్ పట్టు” అంటే పోగు డబ్బులు కూడా రావు.

పోచంపల్లి సంగతి కూడా చెప్పి ఆపుతాను. ఇక్కత్‌లో నూలుకే ముందు ముడులు కట్టి రంగు అద్ది, తర్వాత నేస్తారు. అందుకే తిరగేసినా రంగు అంతే ఉంటుంది, బొమ్మ అంచులు కాస్త చెదిరినట్టు ఉంటాయి. అచ్చు వేసిందయితే వెనకవైపు వెలిసినట్టు కనిపిస్తుంది, అంచులు కత్తితో కోసినట్టు. పోచంపల్లి ఇక్కత్‌కి భౌగోళిక గుర్తింపు ఉంది కాబట్టి అచ్చు బట్టని “పోచంపల్లి” అని నేరుగా అనలేరు, “పోచంపల్లి ప్రింట్”, “పోచంపల్లి డిజైన్” అంటారు. ఆ తోకమాటే నిజం చెప్తోంది, ముందుమాట కాదు.

బెజవాడఎండ
ఇది మాత్రం ఒప్పుకుంటా. తోకమాట బాగుంది.

చార్మినార్‌చాయ్
“ఫ్లాట్ 50% + 40%” అని ఇంకోటుంటది. మా గల్లీల సగం మంది 90% తగ్గింపు అనుకుంటరు.

కాకిలెక్కలు
70%. 1000లో సగం పోతే 500, దాని మీద 40% అంటే 200. కట్టేది 300. “రెండు కొంటే ఒకటి ఉచితం” అంటే 33% తగ్గింపు, అదీ మీకు మూడూ కావాలనుకుంటే. “33% అదనం” అంటే మాత్రం 25% తగ్గింపుతో సమానం. 100 గ్రాముల ధరకే 133 ఇస్తున్నాడు, భాగించి చూడండి. ఒకటే 33, రెండు రకాల లాభం.

ఇవన్నీ తలనొప్పి అనుకుంటే పొట్లం మీద ఎమ్మార్పీ పక్కన యూనిట్ ధర చూడండి. గ్రాముకో కిలోకో ఎంత పడిందో ఇప్పుడు ముద్రించాలి. పెద్ద ప్యాకెట్ చవక అన్న నమ్మకం అక్కడ చాలాసార్లు వీగిపోతుంది.

గానుగెద్దు
యూనిట్ ధర అన్నారు కాబట్టి నూనె. ప్యాకెట్ రూపం ఒకటే, లోపల 910 గ్రాములు ఉన్నదొకటి, 850 ఉన్నదొకటి. 910 అంటే దాదాపు లీటరు. 2022లో ప్యాకింగ్ పరిమాణాల జాబితా ఎత్తేశాక ఎవడికి తోచిన బరువు వాడు నింపుతున్నాడు. రాసి నింపితే చట్టప్రకారం తప్పు కాదు. కానీ “లీటరు ప్యాకెట్” అని అడిగి తెచ్చుకునేది మనమే.

అంతకుముందు ఇంకో తెలివి నడిచింది. లీటరు అని రాసి పక్కన “60 డిగ్రీల వద్ద” అనేవాళ్లు. నూనె వేడెక్కితే ఉబ్బుతుంది. సోయా నూనె లీటరు 21 డిగ్రీల దగ్గర 919 గ్రాములు, 60 దగ్గర 892.6. లీటరుకి పాతిక గ్రాములు ఉష్ణోగ్రతలోనే మిగిలిపోయాయి. ఏ వంటింట్లో నూనె ప్యాకెట్ 60 డిగ్రీల్లో ఉంటుందో మరి. 2022 ఆగస్టులో కేంద్రం ఉష్ణోగ్రత తీసేసి బరువు కూడా రాయమంది.

“కొలెస్ట్రాల్ లేదు” అని గుండె బొమ్మ వేస్తారు. మొక్కల నూనెలో చెప్పుకోదగ్గ కొలెస్ట్రాల్ ఎప్పుడూ లేదు, పామాయిల్‌లో కూడా. “లైట్” అన్నా సరే, ఏ నూనె అయినా 100 గ్రాములకి 900 కేలరీల దగ్గరే. ముందు పల్లీల బొమ్మ ఉంటే వెనక తిప్పి శాతాలు చూడండి. కలిపిన నూనె అయితే ఏది ఎంత శాతమో రాయాలి, పల్లీ నూనె 20 అని పామోలిన్ 80 అని అక్కడ తేలుతుంది.

రేపల్లెబండి
గానుగ నూనె తెచ్చుకుంటే ఈ గొడవ ఉండదుగా?

గానుగెద్దు
ఉంటుంది. “చెక్క గానుగ”, “కోల్డ్ ప్రెస్డ్” అని బోర్డు పెట్టి డ్రమ్ముల్లో తెచ్చిన నూనె పోసేవాళ్లున్నారు. చిన్న లెక్క చాలు. లీటరు నూనెకి 2¼ నుంచి 2½ కిలోల పల్లీ పప్పు కావాలి. పప్పు కిలో 140 అనుకుంటే పప్పుకే 315 నుంచి 350. మిగిలిన పల్లీ చెక్క అమ్మితే 60 దాకా వెనక్కి వస్తుంది. కరెంటు, కూలి, సీసా. ఆ ధరల్లో లీటరు 190కి “స్వచ్ఛమైన గానుగ నూనె” ఇస్తున్నాడంటే గానుగ తిరుగుతోంది ప్రదర్శన కోసమే.

బెజవాడఎండ
పేరుకి ఎద్దయినా లెక్క బాగా చెప్పావు.

మందులకొట్టు
తినేవాటి మాటలకి కొలతలున్నాయి, ఆహార భద్రత సంస్థ 2018 నిబంధనల్లో. “షుగర్ ఫ్రీ” అంటే 100 గ్రాముల్లో చక్కెర అరగ్రాము దాటకూడదు. పీచు “పుష్కలం” అంటే 100కి 6 గ్రాములు, ఊరికే “ఉంది” అంటే 3. “నో యాడెడ్ షుగర్” వేరు, కలపలేదంటున్నాడు, లేదనడం లేదు. ద్రాక్షరసంలో కలపక్కర్లేదు. రాగి బిస్కెట్ అయితే పదార్థాల జాబితా చూడండి, ఎక్కువ ఉన్నది ముందు రాయాలి. మైదా మొదట, రాగి ఐదో చోట పక్కన శాతంతో. పంచదార, ఇన్వర్ట్ సిరప్, లిక్విడ్ గ్లూకోజ్ అని చక్కెరనే మూడు ముక్కలు చేస్తే ఏదీ మొదటికి రాదు, అదో విద్య.

అన్నిటికన్నా ప్రమాదం ఓఆర్ఎస్ పేరు. అసలు ఓఆర్ఎస్ లీటరు నీళ్లకి 20.5 గ్రాముల పొడి: గ్లూకోజ్ 13.5, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9. విరేచనాలైన పిల్లాడికి ఆ పాళ్లు తప్పకూడదు. చక్కెర ఎక్కువైతే పేగులోకి నీళ్లు లాగి విరేచనాలు పెరుగుతాయి. పేరులో ఆ మూడక్షరాలు ఇరికించిన పళ్లరసం డబ్బాలు మందుల షాపుల్లోనే ఏళ్ల తరబడి అమ్ముడయ్యాయి. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దాని మీద చాలా ఏళ్లు పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార పదార్థాల పేర్లలో ఓఆర్ఎస్ వాడొద్దని ఆదేశం వచ్చింది. పాత సరుకు ఎక్కడైనా కనపడితే పొట్లం మీద డబ్ల్యూహెచ్‌వో ఫార్ములా అని ఉందో లేదో చూసి తీసుకోండి.

చార్మినార్‌చాయ్
ర్యాంకులోళ్లని వదిలేసిన్రు. “ఒకటి ఒకటి ఒకటి రెండు రెండు మూడు”, టీవీ పెడితే సాలు, పూనకమొచ్చినట్టు.

కాకిలెక్కలు
ఆ పాటలో దాచేది భాగహారం కింది అంకె. వందలోపు 30 ర్యాంకులు అంటాడు, ఎంతమంది రాశారో చెప్పడు. కేటగిరీ ర్యాంకుని ఓపెన్ ర్యాంకు పక్కన అదే సైజులో వేస్తాడు. చివరి నెల మాక్ టెస్టులు రాసిన పిల్లాడు రెండు సంస్థల పోస్టర్లలోనూ నవ్వుతుంటాడు. 2024 నవంబరు మార్గదర్శకాల ప్రకారం కోచింగ్ సంస్థలు ఫోటో వేస్తే ఆ విద్యార్థి ఏ కోర్సు, ఎన్నాళ్లు, డబ్బు కట్టాడా లేదా కూడా రాయాలి. అనుమతి ఫలితాలొచ్చాకే తీసుకోవాలి, చేరేటప్పుడు సంతకం పెట్టించుకుంటే చెల్లదు.

రేపల్లెబండి
ఫ్లాట్లు, ప్లాట్లు?

చిన్నక్షరం
“ప్రీ లాంచ్” అన్న మాట కనపడగానే రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నంబరు అడగండి. 500 చదరపు మీటర్లు లేదా 8 ఫ్లాట్లు దాటితే రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటనే ఇవ్వకూడదు. ఒప్పందం రాయకుండా 10% మించి తీసుకోకూడదు. “హెచ్‌ఎండీఏ ప్రపోజ్డ్” అంటే అనుమతి రాలేదనే.

చార్మినార్‌చాయ్
“ఎయిర్‌పోర్టుకు 20 నిమిషాలు” కూడా రాసుకో. ఔటర్ మీద 120 స్పీడుల పోతే 20 నిమిషాలకు 40 కిలోమీటర్లు. ఔటర్ ఎక్కనీకి పట్టే ముప్పావు గంట లెక్కల లేదు.

వడ్డీలెక్క
అందరూ వస్తువు చూశారు, అప్పు వదిలేశారు. బండి షోరూమ్‌లో “10% వడ్డీ మాత్రమే” అంటే ఫ్లాటా, తగ్గే బాకీ మీదా అని అడగండి. లక్షకి మూడేళ్లు 10% ఫ్లాట్ అంటే వడ్డీ 30,000, నెలకి 3,611. మన భాషలో నూటికి 83 పైసలు అనిపిస్తుంది. కానీ నెలనెలా అసలు తీరుస్తూనే లక్ష మీద వడ్డీ కడుతున్నారు. అసలు రేటు దాదాపు 18%, అంటే నూటికి రూపాయిన్నర.

“నో కాస్ట్ ఈఎంఐ” ఇంకోటి. 30,000 ఫోను, ఆరు నెలలు 5,000 చొప్పున. 15% వడ్డీ లెక్కన 1,270 వడ్డీ అవుతుంది, దాన్ని ముందే తగ్గింపుగా చూపిస్తారు. వడ్డీ మీద 18% జీఎస్టీ 229 మీరే కట్టాలి. ప్రాసెసింగ్ 199 అయితే పన్నుతో 235. వెరసి 464 “కాస్ట్”. నగదు ఇస్తే వచ్చే తగ్గింపు పోయింది కూడా. సున్నా వడ్డీ అనేదే లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది.

బెజవాడఎండ
సరే, ఇవన్నీ తెలిశాయి. చేసేదేముంది? ఫిర్యాదు చేస్తే వాడు ఉలకడు పలకడు.

చిన్నక్షరం
అన్నిసార్లూ ఉలకడు, నిజమే. కానీ జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే ఫిర్యాదుకి డాకెట్ నంబరు వస్తుంది, చాలా కంపెనీలు ఆ దశలోనే డబ్బు తిరిగిస్తాయి, ఎందుకంటే ప్రాధికార సంస్థ మొదటి తప్పుకి 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయగలదు. మీకు నష్టం జరిగితే జిల్లా వినియోగదారుల కమిషన్, ఈ-జాగృతిలో ఇంటి నుంచే వెయ్యొచ్చు. కొన్న విలువ 5 లక్షల లోపు అయితే రుసుము లేదు, రెండేళ్ల లోపు వెయ్యాలి. మీరుండే ఊళ్లోనే వెయ్యొచ్చు, షాపు ఉన్న ఊరికి తిరగక్కర్లేదు.

వీగిపోయేది ఆధారం దగ్గర. ప్రకటన ముక్క కత్తిరిస్తారు, తేదీ పోతుంది. పేజీ మొత్తం, తేదీ, ఎడిషన్ కనపడేలా ఫోటో తీయండి. పొట్లం ముందూ వెనకా, బిల్లు, వాట్సాప్ మాటలు. ఫోన్లో విన్నదానికి విలువ తక్కువ, “మీరన్నట్టు 0% తరుగు కదా” అని మెసేజ్ పెట్టి జవాబు రాబట్టండి.

రేపల్లెబండి
ఫోన్ కెమెరాతో పెద్దది చేసి ఆ చీమలు చదివాను. “నెట్ బరువు 50 గ్రాములు దాటిన ఎంపిక చేసిన డిజైన్లపై మాత్రమే. రాళ్ల విలువ అదనం. ఆ రోజు షోరూమ్ రేటు వర్తిస్తుంది.” త్రాసుముల్లు గారు చూడకుండానే చెప్పేశారు.

త్రాసుముల్లు
50 గ్రాములు దాటితేనా? అది మాత్రం నేను ఊహించలేదు.

చిన్నక్షరం
పేజీ మొత్తం ఫోటో తీశారా, తేదీతో?

రేపల్లెబండి
ఆ ముక్కే తీశాను. పేపరు ఇంట్లో అల్మారా అరల్లో పరిచేశారు. బట్టలు దింపి తీసి పెడతా.